రెండు చుక్కలు

ఒకటో తారీఖు పొద్దున్న
మూడు చోట్ల నుంచి డబ్బు నా దగ్గరికి నడిచొస్తుంది.
మధ్యాహ్నానికి ఇంకో చోటికి నడిచెళ్తుంది.

వూస్టర్ కొండ మీద మూడంతస్తుల చెక్క ఇల్లు నాది.
నేనుండేది మాత్రం ఊరికి అటు చివర
మరీన్ కియో గారి నేలమాళిగలో.
ఒక అంతస్తు నాకోసం ఉంచుకుంటే
బ్యాంకు వాయిదా కుంటుతుంది.
ఈ మాట చెబితే బేకరీలో అందరూ నవ్వారు.
పిండి చేతులతో నేనూ నవ్వాను.
కోర్చా నుంచి మా పినతండ్రి కొడుకు ఫోన్లో అడుగుతాడు:
"మేడ కొన్నావటగా?"
"ఆఁ" అంటాను, సీలింగుకి తల తగలకుండా వంగి.

కింద వైట్కస్ ముసలాయన.
చెక్కు పెట్టిన కవరు మీద
నా పేరు నెలకో రకంగా తప్పు రాస్తాడు.
మధ్యలో అకోసువా, ఇద్దరు మగపిల్లలు, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ.
పగటిపూట ఆమె తలుపు కొట్టకూడదని
లీజులో లేదు. నాకు తెలుసు.
పైన కాలేజీ కుర్రాళ్ళు:
డిపాజిట్ కట్టింది నాన్నలు, డ్రమ్ములు కొన్నది వీళ్ళు.

ఈ ఏడు ఇన్సూరెన్సు పెరిగింది,
ఇంటి పన్ను పెరిగింది,
బాయిలర్‌కి వయసు పెరిగింది.
అర్ధరాత్రి కంప్యూటర్లో వెతికి
ఒక ఉత్తరం దించుకున్నాను.
"మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా" అని మొదలవుతుంది.
ఈ మార్కెట్ ఎవరో, ఆయన పరిస్థితి ఏం బాగోలేదో!
ఖాళీల్లో పేరు నింపాను, అంకె నింపాను.
చివర "మీ సహకారానికి ధన్యవాదాలు" తర్వాత
రెండు చుక్కలున్నాయి.
ఒకటి తుడిచేద్దామనుకుని, నిద్రొచ్చి, వదిలేశాను.

నెలకి నూటయాభై ఎక్కువ.
వైట్కస్‌ది ఇవ్వలేకపోయాను,
ఇంకా కారు డాష్‌బోర్డు మీద ఎండుతోంది.
కుర్రాళ్ళు చదవకుండానే బొటనవేలి బొమ్మ పంపారు.
అకోసువా బేకరీకొచ్చి, రొట్టె కొని,
చిల్లరతో పాటు నా కాగితం నాకే ఇచ్చింది.
నూటయాభై కొట్టేసి అరవై. నీలం పెన్ను.
కింద, పంతులమ్మ దిద్దినట్టు, ఒక వరస:
"మధ్య గది హీటరు నవంబరు నుంచి దగ్గుతోంది.
మా చిన్నాడు కూడా."
కోపమొచ్చింది.
ఆ కోపంలో ఒక ట్రే నిండా మాడ్చాను.

శుక్రవారం ఇంటికొస్తే
తలుపు సందులో కవరు.
"ప్రియమైన ఫత్మీర్ ద్రాగోతి గారికి,
మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా..."
మెట్ల మీదే కూలబడి చివరిదాకా చదివాను,
అంకె కోసం కాదు.
ధన్యవాదాలు తర్వాత
రెండు చుక్కలు.

అవే ఖాళీలు. అదే మర్యాద.
ఏ అర్ధరాత్రో కళ్ళద్దాలు నుదుటికెత్తుకుని
ఆమె కూడా ఒకటి తుడిచేద్దామనుకుని ఉంటుంది.
నెత్తి మీద ఆమె నడక వినిపిస్తోంది,
సింకు దాకా, కిటికీ దాకా, మళ్ళీ సింకు దాకా.
నేను వింటున్నానని ఆమెకీ తెలుసనుకుంటా.

నీలం పెన్ను దొరకలేదు.
నల్లదాంతో వంద కొట్టేశాను, నలభై రాశాను.
కింద ఏం రాయాలి?
నా గది హీటరు బాగానే ఉంది.
గోడలో చెమ్మ కూడా లేదు.
ఫిర్యాదు లేనివాడికి బేరం ఎక్కడిది?
అకోసువా ముందు నేను ఒకటో తరగతి.
చాలాసేపటికి తట్టింది:
"మీ ముంగిట్లో మంచు మూడేళ్ళుగా నేనే తీస్తున్నాను.
అది లీజులో లేదు."

కాగితం ఆమె తలుపు కిందికి తోసి,
పనిముట్ల పెట్టె కార్లో పడేసి,
కొండెక్కాను.

పెద్దోడు తలుపు తీశాడు.
"అమ్మ లేచేదాకా ఇంకో గంట" అన్నాడు,
పెదవుల మీద వేలుంచి.
బూట్లు విప్పి, నా ఇంట్లో నేనే
దొంగలా మునివేళ్ళ మీద నడిచి
మధ్య గదిలో హీటరు ముందు మోకరించాను.
వాల్వు మీద చెయ్యి వేశాను.
అది దగ్గింది.
పక్క గదిలోంచి, దుప్పటి కిందనుంచి,
ఇంకొకటి జవాబు దగ్గింది.